కళ్ళజోడుకి సెలవు చెప్పే ముందు

డిసెంబరు సెలవులకి ఇండియా టికెట్లు కొనుక్కున్న మనవాళ్ళ పనుల జాబితా ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. తిరుపతి వెళ్ళి రావడం, పళ్ళ డాక్టరుకి చూపించుకోవడం, బాబాయి కూతురి పెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు పెట్టెల నిండా పచ్చళ్ళు. ఈ మధ్య ఆ జాబితాలో ఇంకొకటి చేరింది: కళ్ళకి లేజర్ చేయించుకోవడం. అంతదూరం వెళ్ళడమెందుకు అనుకునేవాళ్ళు అమెరికాలోనే ఆ పని కానిస్తున్నారు. ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ ఎకౌంటులో మిగిలిన డాలర్లు ఏడాది చివర మురిగిపోకుండా ఇలా వాడుకున్నవాళ్ళు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు. ముగ్గురూ సంతోషంగానే ఉన్నారు.

"మరి ఇంకా ఆలోచించడం దేనికి?" అని మీరడగవచ్చు. మనలో చాలామందికి రోజుకి పది గంటలు మానిటర్ ముందే గడుస్తుంది. కళ్ళు బాగుంటేనే ఉద్యోగం. పైగా ఇది జబ్బు చేసిన కంటికి చేసే ఆపరేషన్ కాదు. కళ్ళజోడు పెట్టుకుంటే శుభ్రంగా కనిపించే ఆరోగ్యమైన కంటికి చేసేది. అలాంటప్పుడు వెయ్యిమందిలో ఒకరిద్దరికి చెడినా, ఆ ఒకరిద్దరికి ఏమైందో తెలుసుకుని తీరాలి.

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టరుని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. తొమ్మిదో తరగతి నుంచి కళ్ళజోడు ఉన్నవాణ్ణి. ఈ ఆపరేషన్ చేయించుకుందామా వద్దా అని రెండేళ్ళపాటు దొరికినవన్నీ చదివి, రెండుచోట్ల పరీక్షలు చేయించుకున్నవాణ్ణి. ఇంత చదివాక నాకు అర్థమైన అసలు సంగతి ఒకటే. ఈ ఆపరేషన్ మీకు క్షేమమా కాదా అన్నది లేజర్ ఆన్ చేయకముందే, పరీక్షల గదిలోనే చాలావరకు తేలిపోతుంది. ఆ పరీక్షలు సరిగ్గా చేసి, అవసరమైతే "మీకు వద్దు" అని చెప్పగలిగిన డాక్టరు దొరకడమే సగం విజయం.

కంట్లో అసలు ఏం చేస్తారు?

మన కంటి ముందు భాగంలో గడియారం అద్దంలాగా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మనం చనిపోయాక దానం చేసే "కన్ను" నిజానికి ఎక్కువగా ఇదే. కాంతిని వంచి రెటీనా మీద పడేట్టు చేసే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు కార్నియాదే, మిగిలింది లోపలున్న లెన్సుది. మధ్యలో దాని మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కొద్దిగా ఎక్కువ. పైన 50 మైక్రాన్ల మందాన ఎపిథీలియం అనే చర్మంలాంటి పొర ఉంటుంది. అది గీసుకుపోయినా కొద్దిరోజుల్లో మళ్ళీ పెరుగుతుంది. దాని కింద ఉండే అసలు కండ స్ట్రోమా. ఇది ఒకసారి పోతే మళ్ళీ పెరగదు. అన్నిటికంటే లోపల ఎండోథీలియం అనే పలచని కణాల వరుస ఉంటుంది. కార్నియాలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు తోడిపోస్తూ పొరని పారదర్శకంగా ఉంచేది అదే.

దూరపు వస్తువులు మసకగా కనిపించే హ్రస్వదృష్టిలో, కంటి పొడవుకి తగ్గట్టుగా కాక, కాంతి ఎక్కువగా వంగి రెటీనాకి ముందే కలుస్తుంది. మైనస్ అద్దం దాన్ని వెనక్కి జరుపుతుంది. లేజర్ ఆపరేషన్‌లో అద్దానికి బదులు కార్నియానే మధ్యలో కాస్త చదును చేస్తారు. చేసేదంతా ఇంతే. మళ్ళీ పెరగని స్ట్రోమాని చెక్కుతారు కాబట్టి దీనికి "అన్‌డూ" లేదని గుర్తుంచుకోవాలి.

పాత కథలు, పనికొచ్చే పాఠాలు

కార్నియా ఆకారం మార్చాలన్న ఆలోచన కొత్తది కాదు. జపాన్‌లో సాటో అనే డాక్టరు 1930ల చివర్లో, 1940లలో కార్నియా లోపలివైపు నుంచి గాట్లు పెట్టి సైటు తగ్గించారు. మొదట్లో ఫలితాలు బాగున్నాయి. అయితే ఎండోథీలియం ప్రాముఖ్యం అప్పటికింకా తెలియదు. ఏళ్ళు గడిచాక, కొందరికి ఇరవై ఏళ్ళ తర్వాత, ఆ కార్నియాలు నీరు పట్టి తెల్లబారాయి.

1970లలో మాస్కోలో ఫ్యొదొరొవ్ బయటివైపు నుంచి చక్రం ఆకుల్లాగా గాట్లు పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. దాన్ని రేడియల్ కెరటాటమీ అంటారు. ఇది అమెరికాలో కూడా లక్షలమంది చేయించుకున్నారు. దాని మీద జరిగిన పెద్ద అధ్యయనం పదేళ్ళ ఫలితాలు 1994లో వచ్చాయి. 43 శాతం కళ్ళలో సైటు క్రమంగా ప్లస్ వైపుకి ఒక డయాప్టర్ లేదా అంతకంటే ఎక్కువ జరిగిపోయిందని తేలింది. 1996 మేలో ఎవరెస్టు మీద జరిగిన ఘోర ప్రమాదంలో చిక్కుకుని బతికి బయటపడ్డ టెక్సాస్ డాక్టరు బెక్ వెదర్స్‌కి జరిగిన ఆపరేషన్ కూడా ఇదే. ఎత్తుకి పోయేకొద్దీ, ఆక్సిజన్ తగ్గి, గాట్లు పడ్డ కార్నియా ఆకారం మారి, శిఖరానికి చేరకముందే ఆయనకి చూపు ఆనలేదు.

ఈ రెండు కథలూ ఎందుకు చెప్పానంటే, "మా ఫ్రెండు చేయించుకుని ఆర్నెల్లయింది, సూపర్‌గా ఉంది" అన్న మాట మీద మాత్రమే ఆధారపడి నిర్ణయం తీసుకోకూడదు. కార్నియా తన బాధ చెప్పడానికి ఏళ్ళు తీసుకోవచ్చు.

ఇక లేజర్ కథలో మనం గర్వపడే మనిషి ఒకరున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో పీహెచ్.డీ. చేసిన రంగస్వామి శ్రీనివాసన్ గారు ఐ.బి.ఎం. పరిశోధనశాలలో పనిచేసేవారు. 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ మర్నాడు ఇంట్లో మిగిలిన టర్కీ ముక్క తీసుకెళ్ళి, 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ దాని మీద ప్రయోగించారు. చుట్టుపక్కల ఏమాత్రం మాడకుండా, కత్తితో గీసినదానికంటే నున్నగా ముక్క తెగింది. ఒక్కో మెరుపుకి ఊడే పొర మైక్రాన్‌లో నాలుగో వంతు మాత్రమే. ఆయనా, సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లూమ్ కలిసి చేసిన ఈ పనిని కొలంబియా విశ్వవిద్యాలయం కంటి డాక్టరు స్టీవెన్ ట్రోకెల్ 1983లో కార్నియాకి అన్వయించారు. ఐ.బి.ఎం. బృందానికి 2013లో ఒబామా చేతుల మీదుగా జాతీయ టెక్నాలజీ పతకం దక్కింది.

మూడు పద్ధతులు

మొదట వచ్చింది పి.ఆర్.కె. పైనున్న ఎపిథీలియం తీసేసి, నేరుగా స్ట్రోమా పైభాగాన్ని లేజర్‌తో చెక్కుతారు. అమెరికాలో ఎఫ్.డి.ఏ. 1995లో దీనికి అనుమతి ఇచ్చింది. పై పొర మళ్ళీ పెరిగేదాకా మూడు నుంచి ఐదు రోజులు బాగా నొప్పి, చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఎక్కువ సైటున్న వాళ్ళకి కార్నియా మీద పొగమంచులాంటి మసక ఏర్పడే అవకాశం ఉంది. దాన్ని తగ్గించడానికి మైటోమైసిన్ అనే మందు వాడతారు.

రెండోది లేసిక్. కార్నియా మీద సుమారు 100, 120 మైక్రాన్ల మందాన ఒక పలచని పొరని మూతలాగా కోసి, ఒకవైపు అతుక్కునే ఉండగా పైకెత్తి, కింద చెక్కి, మళ్ళీ మూత పెట్టేస్తారు. ఆ మూతనే ఫ్లాప్ అంటారు. వెనకటికి దీన్ని బ్లేడుతో కోసేవారు, ఇప్పుడు ఎక్కువచోట్ల ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కోస్తున్నారు. నొప్పి తక్కువ, మర్నాటికే చూపు వస్తుంది. దీనికి ఇంత పేరు రావడానికి కారణం ఇదే.

మూడోది స్మైల్. ఎఫ్.డి.ఏ. అనుమతి 2016లో వచ్చింది. మూత కోయకుండా, లోపలే ఒక పలచటి బిళ్ళని లేజర్‌తో వేరుచేసి, చిన్న గాటులోంచి బయటికి లాగేస్తారు. ఫ్లాప్ లేదు కాబట్టి ఫ్లాప్ సమస్యలు లేవు, తెగే నరాలు కూడా తక్కువ. అయితే తర్వాత సైటు కొంచెం మిగిలితే సరిదిద్దడం లేసిక్ అంత సులువు కాదు. "స్మైల్ చేస్తే కార్నియా బలహీనపడదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. కండ ఎంత పోయిందో అంతా పోయినట్టే.

మనకి నచ్చే భాగం: లెక్క

ఎంత కండ పోతుందన్నది మనమే ఉజ్జాయింపుగా లెక్క కట్టుకోవచ్చు. దీనికి మన్నర్లిన్ సూత్రం అని ఒకటుంది. చెక్కే వృత్తం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, సైటుతో గుణించి, మూడుతో భాగిస్తే మైక్రాన్లలో లోతు వస్తుంది. వ్యాసం 6.5 మిల్లీమీటర్లయితే ఒక్కో డయాప్టర్‌కి సుమారు 14 మైక్రాన్లు. అసలు లేజర్లు ఇంతకంటే కాస్త ఎక్కువే తీయవచ్చు.

ఒకాయనకి మైనస్ 4, కార్నియా మందం 540 అనుకుందాం. ఫ్లాప్‌కి 110, చెక్కినది 56. కింద మిగిలేది 374 మైక్రాన్లు. కదిపిన కండ మొత్తంలో 31 శాతం. మంచిదే.

ఇంకొకావిడకి మైనస్ 8, మందం 490. ఫ్లాప్‌కి 110, చెక్కినది 113. మిగిలేది 267 మాత్రమే. కదిపినది 45 శాతం పైన. ఫ్లాప్ తిరిగి మూసేసినా అది కార్నియా బలానికి పెద్దగా సాయపడదు, భారమంతా కింద మిగిలిన భాగమే మోయాలి. కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది పాత నియమం. ఇప్పుడు చాలామంది డాక్టర్లు 280, 300 మిగలాలంటున్నారు. కదిపిన కండ 40 శాతం దాటితే, మిగతా పరీక్షలన్నీ బాగున్నా ప్రమాదం పెరుగుతుందని 2014లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అంటే ఈ రెండో ఆవిడకి లేసిక్ వద్దనే చెప్పాలి. కంట్లోనే అదనంగా లెన్సు పెట్టే ఐ.సి.ఎల్. పద్ధతి గురించి ఆవిడ డాక్టరుతో మాట్లాడవచ్చు. అందులో కార్నియాని చెక్కరు, కానీ అది కన్ను లోపల చేసే ఆపరేషన్. శుక్లాలు, కంటి ఒత్తిడి వంటి వేరే రిస్కులుంటాయి.

ఏమేం తేడా రావచ్చు?

అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చేది కళ్ళు పొడిబారడం. కార్నియాలో నరాలు చాలా దట్టంగా ఉంటాయి. కన్ను ఎండుతోందని మెదడుకి కబురు పంపి కన్నీళ్ళు తెప్పించేవి అవే. ఫ్లాప్ కోసినప్పుడు అవి తెగుతాయి. మళ్ళీ పెరగడానికి నెలలు పడుతుంది. చాలామందికి ఆరు నెలలు, ఏడాదిలో సర్దుకుంటుంది. కొద్దిమందికి అలాగే ఉండిపోతుంది. అరుదుగా కొందరికి తెగిన నరాలు సరిగ్గా అతుక్కోక, పైకి కన్ను బాగానే కనిపిస్తున్నా విపరీతమైన మంట, నొప్పి ఏళ్ళతరబడి వేధిస్తాయి. మనం మానిటర్ చూస్తున్నప్పుడు రెప్పలు వేయడం ఎలాగూ తగ్గిపోతుంది. ఇప్పటికే సాయంత్రానికి కళ్ళు మండే వాళ్ళు ఈ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

రెండోది రాత్రి చూపు. వీధి దీపాల చుట్టూ వలయాలు, ఎదురొచ్చే కార్ల లైట్ల నుంచి చీపురు పుల్లల్లా గీతలు. చీకట్లో కంటిపాప పెద్దదై, చెక్కిన భాగం అంచుల మీదుగా కూడా కాంతి లోపలికి రావడం ఇందుకు ఒక కారణం.

ఈ రెండిటి మీదా నమ్మదగ్గ లెక్కలు అమెరికా ప్రభుత్వమే చేయించింది. ఎఫ్.డి.ఏ., నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్, రక్షణ శాఖ కలిసి చేసిన ప్రౌల్ అధ్యయనాలు 2017లో ప్రచురితమయ్యాయి. ఆపరేషన్ ముందు వలయాలు, మెరుపులు లాంటివేవీ లేనివాళ్ళలో 43 నుంచి 46 శాతం మందికి మూడు నెలల తర్వాత ఏదో ఒకటి కొత్తగా వచ్చింది. పొడిబారడం లేనివాళ్ళలో దాదాపు 30 శాతం మందికి అది మొదలైంది. ఈ అంకెలు చూసి కంగారు పడకండి. అవే అధ్యయనాల్లో 95 శాతానికి పైగా జనం తమ చూపుతో తృప్తిగా ఉన్నామన్నారు. ఆ వలయాల వల్ల రోజువారీ పనులకి బాగా ఇబ్బంది పడినవాళ్ళు ఒక శాతం లోపే. "ఏమీ కాదండీ" అన్న క్లినిక్కు మాటా, "బతుకు నాశనమైపోతుంది" అన్న మాటా, రెండూ ఈ లెక్కలకి సరిపోవు.

మూడోది ఫ్లాప్ సంబంధమైనవి. ముడతలు పడడం, కిందికి పైపొర కణాలు పాకడం, ఫ్లాప్ కింద ఇసుక చల్లినట్టు వాపు రావడం. ఇవి మొదటి రోజుల్లోనే కనిపెడితే చాలావరకు సరిచేయవచ్చు. ఇన్‌ఫెక్షన్ చాలా అరుదు, కానీ వస్తే గంటల్లో డాక్టరు దగ్గరుండాలి. ఫ్లాప్ అంచుల్లో గట్టిగా అతుక్కుంటుంది గానీ లోపల మునుపటి బలం ఎప్పటికీ రాదు. గట్టి దెబ్బ తగిలితే ఏళ్ళ తర్వాత కూడా జరిగిన సందర్భాలున్నాయి. కుస్తీ, కరాటే లాంటివి చేసేవాళ్ళకి పి.ఆర్.కె. మేలంటారు.

అన్నిటికంటే భయపడవలసింది ఎక్టేసియా

బలహీనపడిన కార్నియా, లోపలి ఒత్తిడికి తట్టుకోలేక, నెమ్మదిగా ముందుకి పొంగి శంకువులా తయారవడాన్ని ఎక్టేసియా అంటారు. లేసిక్ తర్వాత ఇలా జరుగుతుందని జర్మనీకి చెందిన థియో సైలర్ 1998లో మొదటిసారి వర్ణించారు. నెలల తర్వాత రావచ్చు, ఏళ్ళ తర్వాత రావచ్చు. వచ్చినవాళ్ళకి కళ్ళజోడు పెట్టినా చూపు సరిగ్గా ఆనదు. అదే సైలర్ బృందంలోని వాళ్ళే డ్రెస్డెన్‌లో దీనికి ఒక మందు కూడా కనిపెట్టారు. రైబోఫ్లావిన్ చుక్కలు, అంటే బి2 విటమిన్, వేసి అల్ట్రావయొలెట్ కాంతి చూపిస్తే కార్నియా గట్టిపడుతుంది. క్రాస్‌లింకింగ్ అనే ఈ చికిత్సకి ఎఫ్.డి.ఏ. 2016లో అనుమతి ఇచ్చింది. ఇది జబ్బు ముదరకుండా ఆపుతుంది గానీ పోయిన చూపుని పూర్తిగా వెనక్కి తేదు. తర్వాత గట్టి రకం కాంటాక్ట్ లెన్సులు, మరీ ముదిరితే కార్నియా మార్పిడి.

ఎక్టేసియా ఎక్కువగా ఎవరికొస్తుంది? కెరటోకోనస్ అనే జబ్బు లోలోపల అప్పటికే మొదలై, పైకి కనిపించని వాళ్ళకి. ఇక్కడే మనవాళ్ళు చెవులు రిక్కించి వినాలి. ఇంగ్లండ్‌లోని లెస్టర్ ప్రాంతంలో చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, దక్షిణాసియా మూలాలున్న వాళ్ళలో ఈ జబ్బు తెల్లవాళ్ళకంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. కళ్ళు గట్టిగా నులుముకునే అలవాటుకీ దీనికీ సంబంధం ఉంది. వసంతకాలం రాగానే పుప్పొడి ఎలర్జీతో కళ్ళు నలుపుకునే వాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

తొలిదశలో దీన్ని మామూలు కంటి పరీక్షలో కనిపెట్టలేరు. అక్షరాల చార్టు అంతా గడగడా చదివేస్తారు. కార్నియా పటం తీసే టోపోగ్రఫీ, వెనక ఉపరితలాన్నీ మందాన్నీ కూడా కొలిచే టోమోగ్రఫీ, ఈ రెండిట్లోనే అనుమానం బయటపడుతుంది. అమెరికాకి వచ్చిన కొత్తలో సైటు స్థిరంగా ఉండి, ఈ మధ్య సిలిండర్ నంబరు ఏటా పెరుగుతోందంటే అది కూడా ఒక హెచ్చరికే.

నా సంగతి

నాకు మైనస్ 5.5. మొదట వెళ్ళింది రేడియోలో ప్రకటనలు వచ్చే ఒక క్లినిక్కుకి. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులు ఆ ఉదయమే తీశానని చెప్పినా పరవాలేదన్నారు. మెషీన్ ముందు ఇరవై నిమిషాలు, డాక్టరుతో ఐదు నిమిషాలు, "కౌన్సిలర్" అనే ఆవిడతో ముప్పావు గంట. శనివారం లోపు డిపాజిట్ కడితే ఐదు వందల డాలర్ల తగ్గింపని ఊరించారు. ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను.

రెండోసారి వెళ్ళింది కార్నియా మీదే ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఒక డాక్టరు దగ్గరికి. లెన్సులు రెండు వారాలు మానేసి రమ్మన్నారు. పటాలు తీసి, మళ్ళీ మూడు వారాలకి ఇంకోసారి తీశారు. కంప్యూటర్ తెర నావైపు తిప్పి, ఎడమ కంట్లో కింది భాగం పైదానికంటే ఎక్కువ వంపు తిరిగి ఉందనీ, అక్కడే మందం కూడా తక్కువనీ రంగుల్లో చూపించారు. "ఇది జబ్బని నేననను. కానీ దీని మీద లేజర్ పెట్టను. ఏడాదికోసారి వచ్చి కనబడండి, కళ్ళు నులమడం మానండి" అన్నారు. ఫీజు తప్ప ఇంకేమీ తీసుకోలేదు. అదే డాక్టరు మా ఆవిడ కళ్ళు చూసి, సైటు మైనస్ 3, పటాలు నున్నగా ఉన్నాయని పి.ఆర్.కె. చేశారు. ఆవిడ ఇప్పుడు అద్దాల్లేకుండా కారు నడుపుతోంది. కళ్ళు మూసుకు పడుకున్న ఆ నాలుగు రోజుల నొప్పికంటే, ఆ నాలుగు రోజులూ నేను చేసిన వంటే ఎక్కువ బాధ పెట్టిందని అందరికీ చెబుతుంటుంది.

ఇండియా ట్రిప్పులో చేయించుకోవచ్చా?

నైపుణ్యం గురించి అనుమానం అక్కర్లేదు. హైదరాబాదులో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ కార్నియా వైద్యంలో ప్రపంచానికే తెలిసిన పేరు. మంచి యంత్రాలు, మంచి డాక్టర్లు మన ఊళ్ళలో ఉన్నారు. ఇబ్బంది మన కాలెండర్‌తోనే.

కాంటాక్ట్ లెన్సు కార్నియా ఆకారాన్ని తాత్కాలికంగా మారుస్తుంది. పరీక్షకి ముందు మామూలు సాఫ్ట్ లెన్సులు రెండు వారాలు, టోరిక్ సాఫ్ట్ లెన్సులుగానీ గ్యాస్ పర్మియబుల్ లెన్సులుగానీ అయితే మూడు వారాలు మానాలని ఎఫ్.డి.ఏ. సలహా. విమానంలో తీసేసి మూడో రోజు పరీక్షకెళ్తే వచ్చే పటం మీ కంటిది కాదు, మీ లెన్సుది. ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒకసారి, ఆ తర్వాత కనీసం ఆరు నెలలపాటు అప్పుడప్పుడు డాక్టరు చూడాలి. స్టెరాయిడ్ చుక్కలు వాడుతున్నన్ని రోజులూ కంటి ఒత్తిడి కొలవాలి. ఇవన్నీ మూడు వారాల సెలవులో ఇమడవు. పైగా ఆ మూడు వారాల్లో మనం చేసే పనులేమిటి? పెళ్ళి హోమం పొగ, రోడ్డు మీద దుమ్ము, తిరుమలలో తలనీలాలిచ్చి నెత్తి మీంచి నీళ్ళు పోసుకోవడం, గోదావరిలో మునక. ఒక్కటీ కొత్తగా కోసిన కంటికి పడదు.

అక్కడే చేయించుకోవాలనుకుంటే, బయల్దేరే ముందే లెన్సులు మానేయండి. ఇక్కడ ఒకసారి టోపోగ్రఫీ తీయించి ఆ పటం వెంట తీసుకెళ్ళండి. ఆపరేషన్ సెలవు మొదట్లోనే పెట్టుకోండి. తిరిగొచ్చాక చూసే డాక్టరుని ముందే మాట్లాడి ఉంచుకోండి.

నలభై దాటాక

మనవాళ్ళు చత్వారం అనడం ఊరికే రాలేదు. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసులో కంటి లోపలి లెన్సు బిగుసుకుపోయి దగ్గరి అక్షరాలు ఆనవు. లేజర్ కార్నియాని మారుస్తుంది తప్ప ఈ లెన్సుని ముట్టుకోదు. మైనస్ 2, 3 ఉన్నవాళ్ళు ఆ వయసులో కళ్ళజోడు తీసేసి హాయిగా పేపరు చదువుకుంటారు. లేసిక్ చేయించుకుంటే ఆ సదుపాయం పోయి, చదవడానికి కొత్తగా అద్దాలు కొనాలి. ముప్పై ఎనిమిదేళ్ళకి చేయించుకోవాలనుకునేవాళ్ళు ఇది లెక్క వేసుకోవాలి.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. నీటికాసులు, అంటే గ్లకోమా, ఉందేమోనని కంటి ఒత్తిడి కొలిచే పరికరం కార్నియా మామూలు మందాన ఉందనుకుని కొలుస్తుంది. పలచబడ్డ కార్నియా మీద అంకె తక్కువగా చూపిస్తుంది, జబ్బు దాగిపోవచ్చు. అలాగే అరవై ఏళ్ళకి శుక్లాల ఆపరేషన్ చేసేటప్పుడు పెట్టే లెన్సు పవర్ లెక్క తప్పే అవకాశముంది. కొత్త సూత్రాలు కొంత సాయపడుతున్నా, పాత కొలతలుంటే ఆ డాక్టరు పని తేలిక. అందుకని ఆపరేషన్‌కి ముందటి సైటు, కార్నియా వంపు, మందం, తీసిన లోతు, అన్నిటి కాగితాలూ అడిగి తీసుకుని పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి. డేటా బ్యాకప్ విలువ మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

అడగవలసిన ప్రశ్నలు

- నా కార్నియా మందం ఎంత? ఆపరేషన్ తర్వాత కింద ఎన్ని మైక్రాన్లు మిగులుతుంది?
- టోపోగ్రఫీ ఒక్కటే తీశారా, వెనక ఉపరితలం కూడా చూశారా? పటం ప్రతి నాకిస్తారా?
- నా కన్నీళ్ళ పరీక్ష చేశారా? ఎండిపోయే లక్షణాలుంటే ముందు దానికి మందు వాడి చూద్దామా?
- నాకు లేసిక్ కంటే పి.ఆర్.కె., స్మైల్, ఐ.సి.ఎల్. ఏదైనా మేలా? మీరు ఇవన్నీ చేస్తారా, ఒకటే చేస్తారా?
- నన్ను పరీక్షించేది, ఆపరేషన్ చేసేది, తర్వాత చూసేది ఒకే డాక్టరేనా?
- మీరు ఎలాంటివాళ్ళకి వద్దని చెబుతారు?

ఈ చివరి ప్రశ్నకి గడగడా జవాబు చెప్పగలిగితే మంచి గుర్తు.

మనవైపు నుంచి చెప్పవలసినవి కూడా ఉన్నాయి. గడచిన ఏడాదిలో సైటు మారినా, గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా, షుగరు గానీ, కీళ్ళవాతంలాంటి ఆటో ఇమ్యూన్ జబ్బులు గానీ ఉన్నా, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడుతున్నా, ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉన్నా దాచకండి. వీటిలో కొన్ని వాయిదా వేయడానికి కారణాలు, కొన్ని అసలు వద్దనడానికి.

2008లో ఎఫ్.డి.ఏ. ఏర్పాటు చేసిన సమావేశంలో లేసిక్ వల్ల బాధపడినవాళ్ళు, వాళ్ళ కుటుంబాలవాళ్ళు వచ్చి మాట్లాడారు. 2022 జులైలో అదే సంస్థ, రోగులకి ఈ ఇబ్బందులన్నీ ముందే విడమరిచి చెప్పాలంటూ ఒక ముసాయిదా విడుదల చేసింది. మరోవైపు 2007లో నాసా లేసిక్ చేయించుకున్నవాళ్ళని వ్యోమగాములుగా తీసుకోవడానికి ఒప్పుకుంది. సరైన కంటికి, సరైన చేతుల్లో ఇది మంచి ఆపరేషనే. మీది సరైన కన్నా కాదా అని తేల్చే పరీక్షలకి మాత్రం రెండు వారాలు లెన్సులు మాని, ఒకటికి రెండుచోట్ల చూపించుకోండి. ఒకరు ఔనని, ఒకరు కాదన్నారంటే, వద్దన్న డాక్టరు చూపిన కారణం ఏమిటో పూర్తిగా అర్థమయ్యేదాకా డిపాజిట్ కట్టకండి.